ఎక్కేటప్పుడు వేగం చూడొద్దు, ఊపిరి చూడండి

మంచి ఎండలో కొండ ఎక్కే పరుగు పందెంలో ఒక తిరకాసు ఉంది. చదునైన రోడ్డు మీద పరుగెత్తేవాడికి ఎదురుగాలి తగులుతుంది. ఆ గాలికి చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. అదే మనిషి కొండ ఎక్కడం మొదలుపెట్టగానే వేగం సగానికి పడిపోతుంది. కష్టం మాత్రం పెరుగుతుంది. మనం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే తేలుతుంది కాబట్టి ఒంట్లో వేడీ పెరుగుతుంది. దాన్ని లాక్కెళ్లే గాలి మాత్రం ఉండదు, మనిషి మెల్లగా కదులుతున్నాడు కదా! కష్టం ఎక్కువైనప్పుడే గాలి తగ్గిపోతుంది.

అశోక్‌నగర్‌లో ప్రభుత్వోద్యోగ పరీక్షలకు మూడో ఏడు ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది ఊరంతా మెప్పు గాలే. "మావోడు హైదరాబాద్‌ల గ్రూప్స్‌కి చదువుతుండు" అని నాన్న నలుగురిలో చెప్పుకుంటాడు. సిలబస్ చకచకా సాగుతుంది, మాక్ టెస్టులో మార్కులు వారం వారం పెరుగుతాయి. మూడో ఏటికి తేలిక పాఠాలన్నీ అయిపోయి కొరకరాని కొయ్యలే మిగులుతాయి. మార్కులు ఒకటీ అరా తప్ప కదలవు. ఇంటి నుంచి ఫోన్లు తగ్గుతాయి. వచ్చిన ఫోన్‌లోనూ "ఇంకా ఎన్నాళ్లు బిడ్డా?" అన్న ప్రశ్నే ముందుంటుంది.

కొండదారుల్లో పరుగెత్తేవాళ్లు ఈ ఇబ్బందికి మందు కనిపెట్టారు. ఎత్తు మీద వేగాన్ని కొలవడం మానేసి శ్రమను కొలుస్తారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో పుస్తకాల సంచి మోసే ప్రతి ఒక్కరూ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఇదే. ఎలాగో చూద్దాం.

చదును లెక్కలు కొండకి పనికిరావు

నిటారు ఎత్తు మీద పరుగెత్తడం కంటే నడవడమే తెలివైన పని. కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ట్రెడ్‌మిల్‌ను బాగా వాల్చి ఈ లెక్క తేల్చారు. వాలు సుమారు 15-16 డిగ్రీలు దాటాక, ఒకే వేగంతో పైకి వెళ్లడానికి పరుగు కంటే నడకకే తక్కువ శక్తి పడుతుంది. అందుకే పేరుమోసిన ట్రైల్ రన్నర్లు కూడా నిటారు చోట సిగ్గుపడకుండా చేతులు తొడల మీద ఆనించి నడుస్తారు. ఘాట్ రోడ్డులో ఆర్టీసీ డ్రైవరు గేరు తగ్గిస్తాడు. బస్సు చెడిపోయిందని ఎవరూ అనుకోరు.

మన అలిపిరి మెట్ల దారి ఈ పాఠాన్ని రోజూ చెబుతూనే ఉంటుంది. మొత్తం 3,550 మెట్లు. అందులో సగానికి పైగా గాలిగోపురం లోపే వస్తాయి. కుర్రాళ్లు గోవిందనామం చెప్పుకుంటూ రెండేసి మెట్లు ఎగిరి దూకుతూ మొదలుపెడతారు. అదే దారిలో ఒక పెద్దావిడ ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మరో మెట్టు ఎక్కుతూ ఉంటుంది. గాలిగోపురం చేరేసరికి కుర్రాళ్లు గట్టు మీద చతికిలబడి సోడా కోసం చూస్తుంటారు. ఆవిడ ఆగదు. ఆవిడ లెక్క మెట్టుకి ఒక బొట్టు. గడియారంతో ఆవిడకి పనిలేదు.

చదువులోనూ అన్ని పేజీలూ ఒకే వాలులో ఉండవు. ఆర్ట్స్ చదివినవాడికి తెలంగాణ ఉద్యమ చరిత్ర చదునైన రోడ్డు, పూటకి నలభై పేజీలు నడుస్తాయి. అదే మనిషికి ఎకానమీలో ద్రవ్యలోటు అధ్యాయం నిటారు కొండ. పూటకి ఆరు పేజీలు కదిలితే గొప్ప. నలభై పేజీల రోజున పొంగిపోయి, ఆరు పేజీల రోజున కుంగిపోతే తప్పు మీ లెక్కలో ఉంది, మీలో లేదు. పేజీలకు బదులు, ఫోన్ పక్కన పెట్టి మనసు పెట్టిన గంటలెన్నో రాసుకోండి. ఆ అంకె నిలకడగా ఉంటే మీరు ఎక్కుతున్నట్టే.

మాట్లాడగలుగుతున్నారా?

శ్రమను కొలవడానికి చేతికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. పరుగెత్తేవాళ్లు వాడే పాత పద్ధతి ఒకటుంది. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా పలకగలిగితే శ్రమ అదుపులో ఉన్నట్టు. రెండు మూడు మాటలకే ఊపిరి తెగితే హద్దు దగ్గరపడ్డట్టు. ఒక్క మాట కూడా రాకపోతే, ఆ వేగం చివరి వంద మీటర్లకు దాచుకోవాల్సింది.

చదివేవాళ్లకూ ఇలాంటి పరీక్ష ఉంది. గంట చదివాక పుస్తకం మూసి, పక్కవాడికి ఐదు వాక్యాల్లో చెప్పండి. చెప్పగలిగితే వేగం సరైనదే. "అదే... అదన్నమాట" దగ్గర ఆగిపోతే మీరు చదవలేదు, కళ్లు నడిపించారంతే. వేగం తగ్గించండి.

ఇక్కడ చెమట గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి వైపు ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ సాగే ఆ దారిలో ఎండ కంటే ఉక్కపోతే పెద్ద శత్రువు. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు అదే లీటరు నేల మీద కారిపోతుంది, ఒళ్లు మాత్రం మండుతూనే ఉంటుంది. "పద్నాలుగు గంటలు కూర్చున్నా అన్నా" అనే తమ్ముళ్లకు నేను ఇదే చెబుతాను. కారిన చెమటెంతో చెప్పకు, ఆరినదెంతో చెప్పు.

మొదటి రౌండు మోజు

పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు చదువుతోపాటు ఈవెంట్స్ కూడా దాటాలి. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్ల పరుగును 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని పెట్టారు. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద లెక్క కట్టండి. మగవాళ్లకు రౌండుకి దాదాపు 1 నిమిషం 49 సెకన్లు, ఆడవాళ్లకు 2 నిమిషాల 40 సెకన్లు. ఒక మాదిరి సాధన ఉన్నవాళ్లకు ఇది అందని అంకె కాదు.

అయినా గ్రౌండ్‌లో ఏం జరుగుతుంది? విజిల్ మోగగానే ముందున్న ఒకడు మొదటి రౌండును 80 సెకన్లలో లాగేస్తాడు. వాణ్ని చూసి వెనకున్న ఇరవైమంది కంగారుపడి వెంటపడతారు. మూడో రౌండుకి భుజాలు బిగుసుకుంటాయి, నోరు తెరుచుకుంటుంది, కాలు కింద పడటం తప్ప ముందుకు పడదు. వాళ్లు ఓడింది మూడో రౌండులో అనుకుంటారు. ఓడింది మొదటి రౌండులో, పక్కవాడి వేగాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు.

మీ మొదటి రౌండు మీకే కాస్త నెమ్మదిగా అనిపించాలి. కొత్త బ్యాచ్‌లో చేరిన మొదటి నెల కూడా అంతే. టాపర్ టైమ్‌టేబుల్‌ను ఫొటో తీసుకుని తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకునే ముందు, మీ ఊపిరికి అది సరిపోతుందా అని చూసుకోండి. నాలుగో రౌండులో నిలబడి ఉండటమే మీ మొదటి రౌండు లక్ష్యం.

ఎండకి ఒళ్లు అలవాటు పడుతుంది

వేడిలో పరుగు ఎవరికీ పుట్టుకతో రాదు. రోజూ కాసేపు వేడిలో సాధన చేస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో ఒళ్లే మారుతుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. చెమట ముందుగానే మొదలవుతుంది. దాంతో పోయే ఉప్పు తగ్గుతుంది. అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. మొదటిరోజు ఇరవై నిమిషాలు చాలు, ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచాలి. మానేస్తే రెండు మూడు వారాల్లో ఆ అలవాటు చాలావరకు పోతుంది కూడా. దాచుకుంటే మిగిలేది కాదది, రోజూ కొంచెం సంపాదించుకోవాల్సిందే.

కాలిఫోర్నియాలో బ్యాడ్‌వాటర్ అనే పందెం ఉంది. జూలై నడి వేసవిలో, సముద్రమట్టానికి 282 అడుగుల కిందున్న డెత్ వ్యాలీలో మొదలై, 8,360 అడుగుల ఎత్తున విట్నీ పర్వతం మొదట్లో ముగుస్తుంది. దూరం 217 కిలోమీటర్లు. ఎండలో ఎత్తు ఎక్కే పందేలలో దీన్ని మించింది చెప్పడం కష్టం. ఆ దారిని మొదట పరుగెత్తి పూర్తి చేసిన ఆల్ ఆర్నాల్డ్ 1974లో ఒంట్లో నీరు తగ్గిపోయి మధ్యలోనే ఆగిపోయాడు. 1975లో మోకాలు మొరాయించింది. 1977లో గమ్యం చేరాడు. మొదటిసారి ఆగిపోవడం వల్లే మూడోసారి ప్రాణాలతో మిగిలాడని గుర్తుపెట్టుకోండి.

మీ పరీక్ష మధ్యాహ్నమైతే, వారంలో మూడు రోజులైనా మధ్యాహ్నం అదే వేళకి మాక్ టెస్ట్ రాయండి. ఏసీ స్టడీ హాల్లో చదివి, రేకుల షెడ్డు లాంటి సెంటర్లో రాయాల్సివస్తే తల తిరుగుతుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరకనివాళ్లు చెట్టు కింద కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, తెలుగు అకాడమీ పుస్తకం మీద పడిన ఎండ చుక్కతోపాటు కుర్చీ జరుపుకుంటూ చదువుతుంటారు. పక్కన హారన్లు, వెనక టీ కప్పుల మోత. దాన్ని దురదృష్టం అనుకోకండి. ఏ సెంటర్ పడినా వాళ్ల చేతి రాత వణకదు.

నీళ్లు కూడా కొలతలోనే

ఎండలో పరుగెత్తేవాళ్లకు అందరూ చెప్పే సలహా నీళ్లు తాగమని. ఎంత తాగాలో చెప్పేవాళ్లు తక్కువ. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే, నూటికి 13 మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లకే, అంటే అవసరానికి మించి తాగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. దాహాన్ని బట్టి తాగండి. సాధనకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. బరువు పెరిగితే మీరు తాగింది ఎక్కువే.

చెమట బాగా పోయిన రోజున ఓఆర్‌ఎస్ పాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. చిక్కగా ఉంటే మంచిదని సగం నీళ్లలో కలపకండి. పేరు చూసి మోసపోకండి కూడా. చక్కెర దండిగా ఉన్న పానీయాలు ఓఆర్‌ఎస్ పేరుతో దుకాణాల్లో అమ్ముడవుతున్నాయని మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారం లేని ఏ పానీయమూ ఆ పేరు పెట్టుకోకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. చప్పట్లు చివర్లో వచ్చాయి. అంతకుముందు దాదాపు ఎనిమిదేళ్లు ఆవిడ ఎక్కిన దారిలో ఒళ్లు చల్లబరిచే గాలి తగలలేదు.

మెటీరియల్‌కీ ఈ సూత్రమే. ఐదు ఇన్‌స్టిట్యూట్ల నోట్సు, మూడు టెస్ట్ సిరీస్‌లు, పది టెలిగ్రామ్ చానెళ్లు ఒకేసారి తాగితే బుర్రలో ఉన్న ఉప్పు కూడా పలచబడుతుంది. సబ్జెక్టుకి ఒక పుస్తకం, దానికి మూడు రివిజన్లు. అంతకుమించి దాహం వేస్తేనే ఇంకో గుక్క.

శిఖరం అనుకున్నది శిఖరం కాకపోతే

కొండదారిలో అన్నిటికంటే మనసు విరిచేది ఒకటుంది. కింది నుంచి చూస్తే అదే చివరి ఎత్తు అనిపిస్తుంది. ఉన్న బలమంతా ఊడ్చి అక్కడికి చేరాక, వెనక ఇంకో ఎత్తు కనిపిస్తుంది.

తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థులకు ఇది కంఠస్థమే. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాస్తే, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఆ మెయిన్స్ ముందు అశోక్‌నగర్ రోడ్లు నినాదాలతో ఎలా అట్టుడికాయో ఇక్కడివాళ్లకు గుర్తే. అన్యాయం జరిగితే అడగాల్సిందే, అది పౌరుడి పని. అడిగి వచ్చాక సాయంత్రం ఏం చేశారన్నది మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉన్న పని.

అనుభవమున్న రన్నరు ప్రతి ఎత్తునూ చివరిది కాదనుకునే ఎక్కుతాడు. జేబులో ఒక గుక్క, కాళ్లలో కొంత బలం దాచుకునే పైకి చేరతాడు. మీరూ పరీక్ష తేదీని బట్టి బతకొద్దు. నోటిఫికేషన్ వాయిదా పడ్డా చెక్కుచెదరని దినచర్య ఒకటి ఉండాలి. పొద్దున ఒళ్లు వంచడం, పగలు రెండు పూటల చదువు, రాత్రి నిద్ర. తేదీ వచ్చినప్పుడు దానికి కాస్త పదును పెడితే చాలు. ఖర్చులకూ ఒక గడువు పెట్టుకోండి. ఇంకో ఏడాదికి హాస్టల్ అద్దె ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాడి చదువులో భయం తగ్గుతుంది. పార్ట్‌టైం పని చూసుకున్నా, ఊరెళ్లి చదివినా అది దిగిపోవడం కాదు.

ఆగడం కూడా నేర్చుకోవాలి

2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాలకు పరుగు పరీక్ష పెట్టారు. మగవాళ్లకు గంటలో 10 కిలోమీటర్లు. ఆ పరీక్షల్లో పదిమందికి పైగా యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత పరీక్షను కొద్దిరోజులు ఆపి, ఎండెక్కకముందే ముగిసేలా వేళలు మార్చారు. ఉద్యోగం కోసం ఊపిరి బిగబట్టినవాడికి ఆగాలని తోచదు. అదే అసలు ప్రమాదం.

వడదెబ్బ తగిలినవాడికి తనకి వడదెబ్బ తగిలిందని తెలియదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు మీద పడుతుంది. మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, పొంతనలేని జవాబులు వస్తాయి, "నాకేం కాలేదు" అని కసురుకుంటాడు కూడా. కాబట్టి కనిపెట్టాల్సింది పక్కవాడే. వెంటనే నీడకి చేర్చండి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడపండి, విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. బ్యాడ్‌వాటర్‌లో రన్నరు వెంట సహాయక బృందం తప్పనిసరి. వాళ్లు ఆగమన్నప్పుడు ఆగినవాడే మరుసటి ఏడాది మళ్లీ వస్తాడు.

గదిలో ముగ్గురు నలుగురు కలిసి ఉండే మీకూ ఇది వర్తిస్తుంది. రూమ్మేట్ వారం రోజులుగా సరిగా తినట్లేదు, ఇంటి ఫోన్ ఎత్తట్లేదు, రాత్రంతా మేలుకుని పైకప్పు చూస్తున్నాడు అంటే అతను చెప్పేదాకా ఆగకండి. "ఏమైందిరా, బయటికెళ్లి చాయ్ తాగొద్దాం పద" అనండి. మాట వినిపించుకోకపోతే ఇంట్లోవాళ్లకు చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడేవాళ్లు ఉంటారు, తెలుగులోనే.

సోమవారం నుంచి చేయాల్సినవి

మన పేటలో కంటికి కనిపించే పెద్ద చడావు ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో పట్టాల మీదుగా పోతుంది. అది బండ్ల కోసం, మీ సాధన కోసం కాదు. మీకు ఇవి చాలు.

ఒకటి. వారంలో నాలుగు రోజులు ఇందిరాపార్కులో ముప్పై నిమిషాలు, మాట్లాడగలిగే వేగంతోనే.

రెండు. వారానికి ఒక రోజు తెల్లవారుజామున ఎత్తు సాధన. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరానికి వెళ్లే ఎత్తురోడ్డు దగ్గరలోనే ఉంది. నలభై సెకన్లు పైకి, నడుస్తూ కిందికి. ఆరుసార్లు చాలు. నెలయ్యాక ఎనిమిది.

మూడు. గుండె జబ్బు, ఆయాసం, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉంటే ముందు డాక్టరుకి చూపించుకోండి. జ్వరం వచ్చి తగ్గిన వారం పరుగు వద్దు.

నాలుగు. డైరీలో రోజూ రెండే అంకెలు రాయండి. మనసు పెట్టి చదివిన గంటలు, పుస్తకం మూసి చెప్పగలిగిన అంశాలు. పక్కవాడి ర్యాంకు, మాక్ టెస్టులో వాడి మార్కులు ఆ పేజీలో ఉండకూడదు.

ఐదు. ఆదివారం సాయంత్రం పుస్తకం ముట్టుకోకండి. సంధ్య, దేవి, మీ ఇష్టం, ఏ హాల్లోనైనా సినిమా చూడండి. త్యాగరాయ గానసభలో కార్యక్రమం ఉంటే అటు వెళ్లండి. కండరం బలపడేది విశ్రాంతిలోనే, బుర్ర కూడా అంతే.

ఆరు వారాలు ఇలా చేసి డైరీ తిరగేయండి. మొదటి అంకె నిలకడగా ఉండి, రెండోది కొంచెమైనా పెరిగి ఉంటే, ఎవరు మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా మీరు ఎక్కుతున్నారు. మొదటిది పెరిగి రెండోది పెరగకపోతే వేగం తగ్గించండి. రెండూ పడిపోతే రెండు రోజులు ఊరికి వెళ్లి, అమ్మ చేతి అన్నం తిని, మళ్లీ బస్సెక్కి రండి.